బుగ్గల మీద టేపు

మెట్రోలో కాలు పెట్టే సందు లేదు, అమీర్‌పేట దాటుతుండగా మా తమ్ముడు ఫోన్ నా ముఖానికి ఆనించి "అక్కా, ఇది చూడు" అన్నాడు. అలాస్కాలో ఐరన్ డాగ్ అని స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) రేసు, మంచు మీద 3,000 కిలోమీటర్లకు పైనే!

నాకు స్పీడ్ కంటే ఆ రైడర్ల ముఖాలే వింతగా అనిపించాయి. చలికి చర్మం గడ్డకట్టకుండా ముక్కుకీ బుగ్గలకీ టేపు అంటించుకుంటారు. పైగా మన బైకులా తిప్పే యాక్సిలరేటర్ ఉండదు, కుడి చేతి బొటనవేలితో లివర్ నొక్కి పట్టాలి, అదీ గంటలకొద్దీ. వెళ్లేది ఇద్దరిద్దరు జట్టుగా కాబట్టి ఒకరి బండి మొరాయిస్తే రెండోవాళ్లూ ఆగాల్సిందే.

1968లో రాల్ఫ్ ప్లేస్టెడ్ అనే ఇన్సూరెన్స్ ఏజెంటు ఇలాంటి బండి మీదే ఉత్తర ధ్రువం చేరాడట. మన ఎల్ఐసీ ఏజెంట్లు గుర్తొచ్చి నవ్వాగలేదు.

మన హైదరాబాద్ మంచు పార్కు స్నో వరల్డ్‌లో కాసేపటికే పళ్లు టకటకలాడించిన మా వాడు, ఎప్పటికైనా ఆ రేసుకి వెళ్తాడట!