తేదీ లేని ఉత్తరం

మా మిత్రుడి కోసం వాళ్ళమ్మగారి ఉత్తరాన్ని నిన్న ఆంగ్లంలోకి అనువదించి, అనువాదం సరైనదేనని ప్రమాణపత్రంపై సంతకం చేశాను. కులాంతర వివాహం చేసుకుని ప్రాణభయంతో నల్లగొండ జిల్లా నుంచి కెనడా చేరిన అతని శరణార్థి దరఖాస్తు తిరస్కరణకు గురై ఏడాది దాటింది. ఇక మిగిలింది, కెనడా నుంచి పంపించేముందు స్వదేశంలో ఎదురయ్యే ముప్పును అంచనా వేయమని కోరే పీఆర్‌ఆర్‌ఏ దరఖాస్తు ఒక్కటే. అధికారి నోటీసు చేతికిచ్చాక 15 రోజుల్లో ఫారం, ఆపై మరో 15 రోజుల్లో ఆధారాలు అందజేయాలి. ఆ గడువు తప్పకపోతే నిర్ణయం వెలువడేదాకా పంపించరు. అయితే సాధారణంగా తిరస్కరణ తర్వాత పుట్టిన సాక్ష్యాన్నో, అప్పట్లో అందుబాటులో లేనిదాన్నో తప్ప పాతవాటిని పరిగణించరు, విచారణకు పిలవడమూ అరుదే, కాబట్టి మాట్లాడవలసింది కాగితాలే.

“మీ బావమరుదులు మళ్ళీ వచ్చి అడిగిపోయారు, నువ్వు రాకు నాయనా” అని గీతల కాగితం మీద రాసిన ఆమె తేదీ వేయలేదు. (కొడుక్కి రాసే ఉత్తరానికి తేదీ వేయాలని ఏ తల్లికి తోస్తుంది?) చివరికి తపాలా ముద్ర ఉన్న కవరు వంటింటి సొరుగులో దొరికింది, దాని వెనక మావాడు కందిపప్పు, చింతపండు అని సరుకుల జాబితా రాసుకున్నాడు. రెండువైపులా నకలు తీసి జతచేశాం.