రెండో సగం

ఈ రోజు దాదాపు అంతా మైక్రోస్కోప్ ముందే గడిచింది. ఓవెన్‌లో ఆరిన శాంపిళ్లు పొద్దున్నే బయటికి తీశాను. గుప్పెడు బూడిదరంగు బురదని 63 మైక్రాన్ల జల్లెడలో వేసి, సన్నటి నీటిధార కింద ఓపిగ్గా కడిగితే చివరికి మిగిలింది చెంచాడు తెల్లటి పొడి. చూపుకి ఇసుకలా ఉంటుంది గానీ చాలావరకు గుల్లలే. ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులు సముద్రంలో బతికినన్నాళ్లూ కట్టుకున్న సున్నపు గుల్లలు, అవి చచ్చాక అడుక్కి రాలి పేరుకున్నాయి.

ఆ పొడిని నల్లటి ట్రేలో పలచగా పరిచి, తడి బ్రష్ మొనతో నాకు కావలసిన ఒక్క జాతినే ఏరాలి. ఈ రోజు ఏరినవాటిలో ఒకటి ఎంత బావుందో! చిన్న బుడగకి కాస్త పెద్ద బుడగ, దానికి ఇంకాస్త పెద్దది అతుక్కుంటూ చుట్టు తిరిగిన ఆకారం. ఒంటి నిండా సన్నటి రంధ్రాలు, చివరి గది పక్కన నోరు. వయసు లక్షల సంవత్సరాలు, అయినా ఎక్కడా చిన్న బీట కూడా లేదు. బ్రష్ కొంచెం గట్టిగా ఆనించినా పొడైపోతుంది కాబట్టి, దాన్ని స్లైడ్ మీదికి చేర్చేదాకా ఊపిరి బిగబట్టాను.

అందం కోసమే అయితే ఇంత కష్టం అక్కర్లేదు. ఆ గుల్లలో ఉన్న ఆక్సిజన్ కోసం ఈ పని. నీటిలో తేలిక ఆక్సిజన్, బరువు ఆక్సిజన్ రెండూ ఉంటాయి. ఆవిరయ్యేటప్పుడు తేలికది ఎక్కువగా లేస్తుంది, మంచుగా కురిసి ధ్రువాల దగ్గర పేరుకుంటుంది. మంచుయుగంలో అది తిరిగి సముద్రానికి రాదు, దాంతో మిగిలిన నీటిలో బరువు ఆక్సిజన్ పాలు పెరుగుతుంది. నీరు చల్లబడినా గుల్లలోకి బరువుదే ఎక్కువ చేరుతుంది. కాబట్టి గుల్లని కొలిస్తే అప్పటి సముద్రం చల్లదనం, భూమ్మీద మంచు ఎంత అన్నవి కలగలిసి ఒకే అంకెలో దొరుకుతాయి. ఈ రెంటినీ విడదీయడం మళ్లీ వేరే తలనొప్పి.

మధ్యాహ్నం మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి కోర్ (సముద్రపు అడుగు నుంచి గొట్టంతో తవ్వి తీసిన మట్టి స్తంభం) ఫొటోలు చూస్తూ, "మేడమ్, మనకి వచ్చేవన్నీ ఒక సగంలోంచే కదా, ఆ రెండో సగం ఎవరికి ఇస్తారు?" అని అడిగింది.

ఎవరికీ ఇవ్వరు. ఆ మాట చెప్పాక, నా పని పక్కన పెట్టి చాలాసేపు దాని గురించే మాట్లాడాను.

ఈ కోర్లు తీసే ఓడ లంగరు వేయదు. వేల మీటర్ల లోతు నీటిలో లంగరు పనికిరాదు. చుట్టూ ఉన్న ప్రొపెల్లర్లతోనే ఒక్కచోట నిలబడి, పైపుకి పైపు తగిలిస్తూ అడుగుదాకా దింపుతుంది. మెత్తటి బురద ఉన్నచోట ఒక్కోసారి 9.5 మీటర్ల కోర్ పైకి వస్తుంది. "కోర్ ఆన్ డెక్" అని కేక వినపడగానే అందరూ పరిగెత్తుకొస్తారు. ప్లాస్టిక్ గొట్టంలో ఉన్న ఆ మట్టిని 1.5 మీటర్ల ముక్కలుగా కోసి, పైకొసకి నీలం మూత, కిందికొసకి రంగులేని మూత పెడతారు. ఏది పైనో ఏది కిందో తారుమారైతే కాలమే తలకిందులవుతుంది. నడిసముద్రంలో వెయ్యేళ్లకి సెంటీమీటరు చొప్పున పేరుకున్న చోటైతే, ఆ ఒక్క ముక్కలో 1,50,000 ఏళ్లు ఉంటాయి.

తర్వాత దాన్ని నిలువునా రెండుగా చీలుస్తారు. ఒక సగం శాంపిళ్లు తీయడానికి. రెండో సగాన్ని ఫొటో తీసి, వివరాలు రాసుకుని, ముట్టుకోకుండా చల్లటి గిడ్డంగిలో దాస్తారు. జర్మనీలోని బ్రెమెన్‌లో, అమెరికాలోని టెక్సస్‌లో, జపాన్‌లోని కోచిలో అలాంటి గిడ్డంగులున్నాయి. ఇప్పటివాళ్లకి తట్టని ప్రశ్న ఎప్పుడో ఎవరికో తడుతుందని, వాళ్ల వాటా ముందే తీసిపెట్టారు. సైన్సులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఏర్పాటు ఇదే.

ఆ అమ్మాయికి ఒక ఉదాహరణ చెప్పాను. 1987లో అంటార్కిటికా దగ్గర సముద్రం అడుగున ఉన్న మాడ్ రైజ్ అనే మిట్ట మీద జాయిడిస్ రిజల్యూషన్ ఓడ 690వ సైట్‌లో తవ్వింది. 1991లో కెన్నెట్, స్టాట్ అనే శాస్త్రవేత్తలు ఆ కోర్‌లోని గుల్లల్ని కొలిచి, సుమారు 5 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట సముద్రం ఉన్నట్టుండి వేడెక్కిందనీ, లోతున బతికే ఫొరామినిఫెరాలో చాలా జాతులు అప్పుడే అంతరించాయనీ చూపించారు. 2002లో ఇంకో బృందం ఆ కోర్‌నే మళ్లీ తీసి, ఈసారి గుల్లల్ని కలిపి కాకుండా ఒక్కొక్కటిగా కొలిచింది. మార్పు ముందు పైనీళ్లలో మొదలై ఆ తర్వాత కిందికి దిగిందని అప్పుడు తెలిసింది. కోర్ పైకి వచ్చిన పదిహేనేళ్లకి!

ఆ వేడికి సాక్ష్యం కంటితోనే చూడాలంటే వాల్విస్ రిడ్జ్ అనే సముద్రగర్భపు గట్టు మీది కోర్లు చూడాలి. ఆఫ్రికా నైరుతి తీరానికి అవతల 2003లో తవ్వారు. పాలిపోయిన సున్నపు మట్టి మధ్య హఠాత్తుగా ముదురు ఎరుపు బంకమట్టి పొర వస్తుంది. గాలిలోకి, నీటిలోకి అంత కార్బన్ చేరి సముద్రం ఆమ్లమెక్కి, అడుగున పడ్డ గుల్లలు కరిగిపోయాయి. సున్నం పోయి బంకమన్నే మిగిలింది. మళ్లీ మామూలు స్థితికి రావడానికి లక్ష ఏళ్లకి పైగా పట్టింది. ఇప్పుడు మనం కార్బన్‌ని వదులుతున్న వేగం అప్పటికన్నా ఎక్కువ. ఆ ఎర్రటి పొర ఫొటో చూసినప్పుడల్లా నాకు టెన్షన్ వస్తుంది. ఈ మాట ఆ అమ్మాయితోనూ అన్నాను.

బాధ ఏమిటంటే, 1985 నుంచి తిరిగిన ఆ జాయిడిస్ రిజల్యూషన్ 2024లో ఈ పని నుంచి తప్పుకుంది. అంతకుముందు 1968లో గ్లోమర్ చాలెంజర్ అనే ఓడతో మొదలైన పరంపర అది. దక్షిణ అట్లాంటిక్‌లో నడిమి గట్టు నుంచి దూరం వెళ్లేకొద్దీ అడుగు మట్టి వయసు పెరుగుతోందని చూపి, సముద్రపు అడుగు విస్తరిస్తోందని నిరూపించింది ఆ తవ్వకాలే. జపాన్, యూరప్ దేశాలు కలిసి 2025 నుంచి కొత్త కార్యక్రమం నడుపుతున్నాయి, చైనా మెంగ్ షియాంగ్ అనే పెద్ద ఓడని దించింది. తవ్వకం ఆగిపోలేదు. అయినా ఏటా ఆ ఓడ తెచ్చినన్ని కోర్లు ఇప్పట్లో రావు. ఇంత విలువైన ఓడని డబ్బు లెక్కల్లో వదులుకోవడం నాకు సబబుగా అనిపించలేదు.

ఉన్న కోర్లని ఇంకా జాగ్రత్తగా వాడుకోవడమే ఇప్పుడు మన చేతిలో ఉన్నది. సాయంత్రం ఆ అమ్మాయీ నేనూ కూర్చుని బ్రెమెన్‌కి పంపాల్సిన శాంపిల్ అభ్యర్థన మొదలుపెట్టాం. ఎర్ర పొర కింద ఎంత మేర, ఎంతెంత ఎడంలో తీసుకోవాలన్న దగ్గర మాకు కుదరలేదు. తను సెంటీమీటరుకొకటి కావాలంటుంది, నేను రెండింటికొకటి చాలంటాను. ఇదివరకు తీసిన శాంపిళ్ల పట్టిక చూశాకే తేల్చాలి.