దేవుడి గదిలో మనకెంత చోటు?

శుచౌ దేశే ప్రతిష్ఠాప్య స్థిరమాసనమాత్మనః
నాత్యుచ్ఛ్రితం నాతినీచం చైలాజినకుశోత్తరమ్

గీత ఆరో అధ్యాయంలో 11వ శ్లోకం. శుభ్రమైన చోట, మరీ ఎత్తూ మరీ పల్లమూ కాకుండా, దర్భల మీద జింకచర్మం, దానిమీద బట్ట పరుచుకుని కదలకుండా కూర్చోమంటాడు కృష్ణుడు. ధ్యానం చేసేవాడికి చెప్పిన మాటే, కానీ ఇల్లు కట్టుకునేవాళ్లూ ఓసారి చదవాలి. దేవుడు ఎక్కడుండాలో అందరం చూస్తాం. మనం ఎక్కడ కూర్చోవాలో ఎవరు చూస్తున్నారు?

తిరుపతిలో కొత్తగా లేచే అపార్ట్‌మెంట్లలో ఈశాన్యం వెతుకుతారు, తలుపుకు గంటలు కట్టిస్తారు, శంఖుచక్రనామాల వెనక లైట్లు పెట్టిస్తారు. కొయ్య చెక్కడానికి పేరున్న మాధవమాల ఊరి పనివాళ్లతో కొయ్య మందిరం చేయించుకునేవాళ్లూ ఉన్నారు, కళ్లకద్దుకోవాల్సిన పనితనం. అంతా అయ్యాక బాసింపట్టు వేసుకోవడానికి జాగా మిగలదు. నిలబడే అగరుబత్తి తిప్పేసి ఆఫీసుకు పోవడమే.

తమిళుల పెరటాసి నెలలో శనివారం వస్తే తెలుస్తుంది అసలు ఇబ్బంది. మా వైపు ఆరోజు తళిగ వేస్తారు. దేవుడి ముందు అరిటాకు పరిచి అన్నం, పులిహోర, వడలు వడ్డించి, బియ్యప్పిండీ బెల్లమూ కలిపిన చలిమిడితో ప్రమిద చేసి, నెయ్యి పోసి వెలిగిస్తారు. ఇంటిల్లిపాదీ నామాలు పెట్టుకుని చుట్టూ చేరి గోవిందలు కొడతారు. ఆకు పట్టాలి, ఆకు చుట్టూ మనుషులూ పట్టాలి. నేల లేక కొన్ని ఇళ్లలో తళిగ డైనింగ్ టేబుల్ ఎక్కింది. తప్పని అనను, ప్లాను గీసే రోజే ఆలోచించి ఉంటే బాగుండేది.

శుభ్రం సంగతికొస్తే, కొండమీద ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఈ నాలుగింటికీ ముందొచ్చే మంగళవారం కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం చేస్తారు. మూలవిరాట్టుకు బట్ట కప్పి, గోడలు, పైకప్పు, పూజసామాను అన్నీ కడిగి, నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డకర్పూరం, కిచిలిగడ్డ వంటివి కలిపిన పరిమళ జలం చల్లుతారు. ఆనందనిలయానికే ఇంత కడుగుడు తప్పనప్పుడు, మన సన్నటి జాలీ చెక్కుళ్లలో పేరుకున్న నూనెమసి ఎవరు గీకాలి? నన్నడిగితే నున్నటి గ్రానైట్ అరుగు, పొగపోవడానికి చిన్న కిటికీ చాలు. కింద కూర్చుంటే స్వామి పాదాలు కంటికెదురుగా ఉండాలి, చెయ్యి చాపితే దీపం అందాలి. మోకాళ్ల నొప్పులున్న అవ్వకు పక్కన ఓ పొట్టి స్టూలు వేస్తే కృష్ణుడేమీ అనడు.