ఓసు బజారులో పద్దెనిమిదో తారీఖు

"పద్దెనిమిదో తారీఖు దాకా ఆగండి వదినా, ఆ రోజు ఓసు తీసుకెళ్తాను" అంది మా మరదలు, నేను నగోయాలో దిగిన రోజే. తమ్ముడు అక్కడ కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజినీరు. నగోయా అంటే ఫ్యాక్టరీల ఊరని పేరు. టోక్యో నుంచి క్యోటోకి బుల్లెట్ రైల్లో వెళ్లే మనవాళ్లు చాలామంది ఆ ఊరిని కిటికీలోంచి చూసి వదిలేస్తారు. ఓసు ఆ ఊళ్లో ఒక పాత బజారు పేట. జపాన్‌లో నేను చూసినవాటిలో మళ్లీ చూడాలని మనసు లాగేది ఆ పేట ఒక్కటే.

నాకు బజార్లంటే ప్రాణం. విజయవాడ వన్‌టౌన్‌లో మా నాన్నకి స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. బడి అయ్యాక తిన్నగా కొట్టుకే వెళ్లేదాన్ని. గల్లాపెట్టె పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే, నాన్న బిందెలూ గిన్నెలూ తూకం వేసి అమ్మేవారు. తర్వాత జనం పెద్ద షోరూములకి అలవాటు పడ్డారు. మేం కొట్టు మూసేసి పన్నెండేళ్లయింది. అందుకే ఏ ఊరెళ్లినా నా కళ్లు ముందు చిన్న కొట్లనే వెతుక్కుంటాయి.

త్సురుమై లైన్ మెట్రోలో ఓసు కన్నోన్ స్టేషన్‌లో దిగి, మెట్లెక్కి బయటికొస్తే నాలుగడుగుల్లో ఎర్రటి గుడి. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే, బౌద్ధుల కరుణామూర్తి. జపాన్‌లో చాలాచోట్ల స్త్రీ రూపంలో కనిపిస్తుంది. నెలలో 18వ తేదీ కన్నోన్‌కి ప్రత్యేకమైన రోజు, 28 ఫుదో అనే దేవుడిది. ఆ రెండు రోజులూ గుడి ఆవరణలో పాత సామాన్ల సంత జరుగుతుంది. మరదలు నన్ను ఆగమన్నది అందుకే.

నిజానికి ఈ గుడి ఇక్కడిది కాదు. ఇప్పటి గిఫు రాష్ట్రంలో నది వరదలొచ్చే ఓసు అనే ఊళ్లో ఉండేది. నగోయా కోట కట్టిస్తున్న కాలంలో, 1612లో, అప్పట్లో జపాన్‌ని ఏలుతున్న తొకుగావా ఇయెయాసు ఆజ్ఞ మీద ఇక్కడికి తరలించారు. గుడితో పాటు ఊరి పేరూ వచ్చేసింది. గుడి ముందు కొట్లు వెలిశాయి, నాటకశాలలు వచ్చాయి, పేట పెరిగింది. 1945 బాంబు దాడుల్లో గుడి కాలిపోయింది. ఇప్పుడున్న ప్రధాన మందిరం 1970లో కాంక్రీటుతో కట్టింది. లోపల పైనుంచి వేలాడే పెద్ద ఎర్ర కాగితం లాంతరు కింద నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.

ఈ గుడి గ్రంథాలయంలో ఒక నిధి ఉంది. జపాన్ వాళ్లకి మిగిలిన అతి ప్రాచీన చరిత్ర గ్రంథం కోజికి, 712లో రాసింది. దానికి ఇప్పుడు మిగిలిన ప్రతుల్లోకెల్లా పాతది, 1371-72లో నకలు తీసింది, ఇక్కడే ఉంది. జాతీయ సంపదగా ప్రకటించారు. మామూలుగా దాన్ని బయటపెట్టి చూపించరు కానీ, పాత కిమోనోలూ వేపుడు చికెనూ అమ్మే వీధి మొదట్లో అది భద్రంగా ఉందనుకుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఇంకో సంగతి మన తెలుగువాళ్లకి చెప్పి తీరాలి. ఇది షింగోన్ అనే బౌద్ధ శాఖ గుడి. ఆ శాఖ వాళ్లు తమ విద్యకి మూలపురుషులుగా కొలిచే ఎనిమిది మంది ఆచార్యుల్లో ర్యూమ్యో ఒకరు. ర్యూమ్యో అంటే నాగార్జునుడు, మన నాగార్జునకొండ ఎవరి పేరు మోస్తోందో ఆ ఆచార్యుడే. తమ్ముడు ఇది చెప్పినప్పుడు కాసేపు మాట రాలేదు నాకు. కృష్ణ ఒడ్డున పుట్టిపెరిగినదాన్ని, ఇంత దూరం వచ్చి ఆ పేరు వింటాననుకోలేదు.

సంత పొద్దున్నే మొదలైపోయింది. నేల మీద దుప్పట్లు, గుడ్డలు పరిచి సామాన్లు పెట్టుకున్నారు. పింగాణీ కప్పులు, పాత గడియారాలు, కిమోనోలు, నడుముకి కట్టే ఓబీలు, ఇనప టీ కెటిల్స్, రేకు బొమ్మలు. పావురాలు మనుషుల కాళ్ల మధ్యే తిరుగుతున్నాయి. నేను నీలం గీతలున్న చిన్న కప్పులు రెండు తీసుకున్నాను, నూడుల్స్ ముంచుకు తినే పులుసు పోసుకునేవి. కొద్దిగా తగ్గించమని మరదలు జపనీస్‌లో మెల్లగా అడిగింది. అక్కడ గట్టిగా బేరమాడితే బాగుండదు. అమ్మే పెద్దాయన నవ్వి రెండూ కలిపి 1,000 యెన్‌కి ఇచ్చాడు. పాత న్యూస్‌పేపర్లో చుట్టి, చివర్లు లోపలికి మడిచి చేతికిచ్చాడు. నాన్న కూడా గ్లాసులు అలాగే చుట్టేవారు, చివరి మడత బొటనవేలితో నొక్కి.

ఆ పక్కనే కనిపించింది తక్కెడ. చెక్క కర్ర, ఒక కొనకి వేలాడే ఇత్తడి పళ్లెం, కర్ర మీద సన్నటి గుర్తులు, జరుపుకునే గుండు. ఎన్నో చేతులు పట్టుకుని కర్ర నున్నగా నల్లబడింది. వెల 4,000 యెన్. చేతిలోకి తీసుకున్నాను, కర్ర ఎత్తి గుండు జరిపి చూశాను. సూట్‌కేసులో పట్టదేమో, ఎయిర్‌పోర్టులో ఆపుతారేమో అని టెన్షన్ పడి కింద పెట్టేశాను. "తిరిగొచ్చేటప్పుడు చూద్దాంలెండి వదినా" అంది మరదలు.

గుడి పక్కనుంచి పైకప్పు వేసిన వీధుల్లోకి వెళ్లాం. అడ్డంగా నిలువుగా పోయే ఆ వీధుల్లో సుమారు 1,200 కొట్లు ఉన్నాయి. ఎండా వానా పడవు, మధ్యలో కార్లు రావు. టీ పొడి వేయించే వాసన ఒక మలుపులో, పాత రేడియో విడిభాగాలు ఇంకో మలుపులో. బుద్ధ విగ్రహాలు అమ్మే కొట్టు పక్కన కార్టూన్ బొమ్మల కొట్టు, దాని పక్కన అమ్మమ్మలు వేసుకునే చొక్కాల కొట్టు. కొంచెం ముందుకెళ్తే బన్షోజి అనే గుడి. జపాన్ చరిత్రలో పేరుమోసిన యుద్ధవీరుడు ఒదా నొబునాగా తండ్రి 1540లో కట్టించింది, 1610లో ఈ చోటికి మార్చారు. తండ్రి అంత్యక్రియల్లో నొబునాగా ధూపం పొడి గుప్పెడు తీసి పూజాపీఠం మీదికి విసిరికొట్టాడని కథ చెబుతారు, అది ఈ గుడి కథే. ఇప్పుడది బజారు మధ్యలో కొత్త భవనంలో ఉంది. చేతుల్లో షాపింగ్ సంచులతోనే జనం ఆగి దణ్ణం పెట్టుకుని వెళ్తున్నారు.

భోజనానికి మిసో ఉడోన్ తిందామనుకున్నాం. మిసో అంటే సోయా గింజలు ఊరబెట్టి చేసే ముద్ద, ఉడోన్ అంటే లావుపాటి గోధుమ నూడుల్స్. నగోయాలో పంది మాంసం వేపుడు మీద మిసో పోసిస్తారు, అది ఎక్కువ ప్రసిద్ధి. కానీ నేను పంది మాంసం తినను. ఈ ప్రాంతం మిసో రంగు చూస్తే మన పాత చింతకాయ పచ్చడే గుర్తొస్తుంది, అంత నలుపు. దగ్గర్లోని ఒకజాకి ఊళ్లో చేసే హాచ్చో మిసోలో బియ్యం, బార్లీ కలపరు. సోయా గింజలు, ఉప్పు, నీళ్లు అంతే. పెద్ద దేవదారు తొట్లలో వేసి, పైన ఏటి రాళ్లు గోపురంలా పేర్చి, రెండేళ్లకి పైగా ఊరనిస్తారు. ఆ పులుసులో ఉడుకుతూనే ఉడోన్ మట్టి పాత్రలో వచ్చింది. పాత్ర మూతకి ఆవిరి పోయే చిల్లు లేదు. ఎందుకంటే ఆ మూతే మన కంచం. దాన్ని తిరగేసి నూడుల్స్ అందులోకి తీసుకుని చల్లార్చుకు తినాలి. నూడుల్స్ గట్టిగా, పూర్తిగా ఉడకనట్టు ఉంటాయి. పిండిలో ఉప్పు వేయకుండా కలుపుతారు కాబట్టి అలా ఉంటాయని మరదలు చెప్పింది. మొదటి ముద్ద కొత్తగా అనిపించింది, నాలుగోదానికి ఆ గట్టిదనమే నచ్చింది. మిగిలిన పులుసులో అన్నం కలుపుకున్నాను.

దారిలో తెన్ముసు కూడా కట్టించుకున్నాం. రొయ్య వేపుడు లోపల పెట్టిన చిన్న అన్నం ముద్దలు. పక్క రాష్ట్రంలోని త్సు అనే ఊళ్లో పుట్టి నగోయా సొత్తయిపోయిన తిండి అది. ఇంకా ఉయిరో ఉంది. బియ్యప్పిండి, చక్కెర కలిపి ఆవిరి మీద ఉడికించిన మిఠాయి. వినాయక చవితి కుడుము తిన్నట్టే ఉంది, కాకపోతే నున్నగా, కొద్దిగా సాగుతుంది. నల్ల బెల్లం రుచి ఉన్నది మా మేనల్లుడికి తీసుకున్నాను.

మధ్యాహ్నం కొంపరు అనే కాఫీ హోటల్లో కూర్చున్నాం. 1947 నుంచి నడుస్తోంది. రొయ్య వేపుడు శాండ్‌విచ్‌కి పేరు. ఐస్ కాఫీ అడిగితే చిక్కటి వేడి కాఫీ కప్పులో, ఐసు గ్లాసులో విడివిడిగా పెట్టారు. చక్కెర కాఫీలో కలుపుకుని, ఒక్కసారిగా ఐసు మీద పోయాలి. పక్క బల్ల దగ్గర ఒక ముసలావిడ చుక్క చిందకుండా పోసింది. నేను ఆవిడనే చూసి నేర్చుకున్నాను.

అక్కడ మరదలు చెప్పిన సంగతి నా మనసులో నాటుకుపోయింది. యుద్ధం తర్వాత ఊరు మళ్లీ కట్టేటప్పుడు నగోయాలో వంద మీటర్ల వెడల్పు రోడ్లు రెండు వేశారు. అందులో వాకామియా రోడ్డు ఓసుకి ఉత్తరాన అడ్డంగా పడింది. అటువైపు సకాయెలో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు, ఇటువైపు ఓసు. రోడ్డు దాటి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. సినిమా హాళ్లు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. 1970 నాటికి వీధులు బోసిపోయాయి. 1975లో కొట్లవాళ్లూ విద్యార్థులూ కలిసి ఒక పండగ చేశారు. 1977లో ఎలక్ట్రానిక్స్ కొట్లతో అమెయోకో భవనం వచ్చింది. 1978లో వీధి కళాకారుల ఉత్సవం మొదలైంది, ఇప్పటికీ ప్రతి అక్టోబరులో చేస్తారు. కుర్రాళ్లు రేడియో, కంప్యూటర్ విడిభాగాల కోసం వచ్చారు. పాత బట్టల కోసం అమ్మాయిలు వచ్చారు. కార్ల ఫ్యాక్టరీల్లో పనికి వచ్చిన బ్రెజిల్ వాళ్లు కోడి కాల్చి అమ్మసాగారు, తైవాన్ చికెన్, టర్కీ కబాబు చేరాయి. ఎవరొచ్చినా కాదనకపోవడమే ఓసుని బతికించిందని నా నమ్మకం. మా వన్‌టౌన్ వీధిలో మేం అలా ఒక్కటై కూర్చుని మాట్లాడుకున్న రోజు ఒక్కటీ లేదు. ఆ మాట అనుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

తర్వాత కొమెహ్యోకి వెళ్లాం. 1947లో పాత బట్టల కొట్టుగా మొదలై, ఇప్పుడు గడియారాలు, బ్యాగులు, నగలు, కిమోనోలు అన్నీ సెకండ్ హ్యాండ్‌వే అమ్మే అంతస్తుల భవనం. ప్రతి వస్తువుకీ ఎక్కడ గీత పడిందో, ఎక్కడ మరక ఉందో చీటీ మీద రాసి పెట్టారు. లోపం దాచకుండా అమ్మడం చూసి చాలా గౌరవం కలిగింది. మరదలు తుప్పు రంగు ఓబీ ఒకటి కొంది, బల్ల మీద పరచడానికి.

బయటికొచ్చేసరికి నాలుగు దాటింది. తక్కెడ గుర్తొచ్చి గుడి వైపు గబగబా నడిచాం. ఆవరణ ఖాళీ. దుప్పట్లు మడిచేసి వెళ్లిపోయారు, పావురాలు మాత్రం మెట్ల మీద వరసగా కూర్చున్నాయి. అట్టపెట్టెలు వ్యానులోకి ఎక్కిస్తున్న ఒకాయన్ని మరదలు అడిగింది. తక్కెడ పెట్టిన పెద్దాయన ప్రతిసారీ అదే మూల కూర్చుంటాడట, 28న మళ్లీ వస్తాడట.

నా రిటర్న్ టికెట్టు 27కి ఉంది. స్టేషన్ మెట్లు దిగుతూ తమ్ముడికి ఫోన్ చేశాను. "టికెట్టు 29కి మార్పించరా" అన్నాను. "ఎందుకక్కా?" అన్నాడు. తక్కెడ గురించి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు వాడు. "28న నేను కూడా సెలవు పెడతానక్కా" అన్నాడు.