భాగస్వామికి మూడేళ్ల మిషన్ పిలుపు: మా ఆఫీసును నిలబెట్టుకున్న విధానం

యూటా రాష్ట్రంలో ప్రోవోకు ఉత్తరాన ఉన్న ఒక పట్టణంలో, వయసులో నాకంటే చాలా పెద్దవాడైన ఒక స్థానికుడితో కలిసి నేను చిన్న అకౌంటింగ్ ఆఫీసు నడుపుతున్నాను. పన్ను రిటర్నులు, చిన్న దుకాణాల జీతాల లెక్కలు, బుక్‌కీపింగ్ మా పని. ఖాతాదారుల్లో సగం మంది ఆయన ఊరివాళ్లు, మిగిలినవాళ్లలో ఎక్కువమంది లీహై, డ్రేపర్ ప్రాంతాల సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు. ఆయన యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘ సభ్యుడు. అంటే బయటివాళ్లు మార్మన్లని పిలిచే సమాజానికి చెందినవాడు. నేను నెల్లూరు నుంచి వచ్చిన హిందువును. మా లెక్కల పుస్తకాల్లో ఈ తేడాకు ఎన్నడూ చోటు రాలేదు గాని, ఆయనకు మిషన్ పిలుపు, అంటే ఇల్లు వదిలి సంఘం తరఫున మత ప్రచార సేవకు వెళ్లమనే పిలుపు, వచ్చిన ఏడాది మాత్రం దాన్ని ఒప్పంద పత్రంలో రాసుకోవలసి వచ్చింది.

ఇక్కడి కుర్రవాళ్లు మిషన్‌కు వెళ్లడం మాకు కొత్త కాదు. అబ్బాయిలు 18 ఏళ్లకే వెళ్లవచ్చునని 2012 అక్టోబరులో సంఘ అధ్యక్షుడు థామస్ మాన్సన్ ప్రకటించినప్పటి నుంచి చాలామంది హైస్కూలు ముగియగానే బయలుదేరుతున్నారు. అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు పద్దెనిమిది నెలలు. జీతం ఉండదు సరికదా, 2020 జూలై నుంచి అమెరికా కుటుంబాలు ఒక్కొక్కరికి నెలకు 500 డాలర్లు కడుతున్నాయి. మా దగ్గర సీజన్లో డేటా ఎంట్రీకి చేరే పిల్లలు ఏటా మారిపోవడానికి ఇదే ప్రధాన కారణం. ఉద్యోగానికి వచ్చినవాళ్లను మతం గురించి, మిషన్ గురించి అడగడం మా ఆఫీసులో నిషిద్ధం, పన్ను రిటర్నుల గడువును దృష్టిలో పెట్టుకుని "ఏప్రిల్ 15 దాకా ఉండగలరా?" అన్న ఒక్క ప్రశ్న అందరినీ అడుగుతాము, అది చాలు.

యజమానికే పిలుపు వస్తే సంగతి వేరు. మిషన్ ప్రెసిడెంటుగా పిలుపు అందుకున్న వ్యక్తి భార్యతో కలిసి మూడేళ్లపాటు తన వృత్తి వ్యాపారాలను పక్కన పెట్టి, నూట యాభై, రెండు వందల మంది యువ మిషనరీల బాగోగులు చూసుకోవాలి. బాధ్యత జూలై 1 ప్రాంతంలో మొదలవుతుంది, అంతకు ముందు జూన్ చివర్లో ప్రోవోలో శిక్షణ ఉంటుంది. చలికాలంలో ఒక సాయంత్రం ఆయన నా గది తలుపు వేసి, "ప్రకటన వెలువడేదాకా ఇది బయటికి పొక్కకూడదు, భాగస్వామివి గనుక అడిగి అనుమతి తీసుకుని చెబుతున్నాను" అని మొదలుపెట్టారు. ఏ దేశమో అప్పటికి ఆయనకే తెలియదు. పిలుపు పన్నుల సీజన్ దాటాక మొదలవడం చూస్తే, ఆ తేదీ పెట్టినవాళ్లలో ఎవరో అకౌంటెంటు ఉండి ఉంటాడని నేనంటే పెద్దగా నవ్వారు.

ఇంట్లో మా ఆవిడకు నవ్వు రాలేదు. ఆయన పుణ్యానికి ఆయన వెళితే బరువు నువ్వెందుకు మోయాలని నిలదీసింది. ఆ ప్రశ్నలో న్యాయం ఉందని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. విశ్వాసం ఆయనదైనా దాని ఖర్చులో కొంత నా మీద పడుతుంది కాబట్టి, ఆ ఖర్చు ఎంతో ముందే తేల్చి ఎవరి వంతు వారు భరించాలని నేను పట్టుబట్టాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు. వాళ్ల చరిత్రలో ఇంతకంటే బరువైన పిలుపులు ఉన్నాయని, 1852 ఆగస్టులో సాల్ట్ లేక్ సిటీ సభలో ఒక్కసారిగా వంద మందికి పైగా పిలిస్తే వాళ్లలో రిచర్డ్ బాలంటైన్ అనే ఆయన భార్యాబిడ్డలను వదిలి కలకత్తా మీదుగా 1853లో మద్రాసు చేరాడని చెప్పారు. మా నెల్లూరు ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ బాలంటైన్ ఇంట్లోవాళ్ల లెక్కలు ఎవరు చూశారని అడిగాను; అది పుస్తకాల్లో రాయరని ఒప్పుకున్నారు.

చివరికి వకీలు రాసిన సవరణ ఇలా కుదిరింది. ఆయన వాటా వాటాగానే ఉంటుంది. అయితే ఆయన పని చేయడానికి పెట్టుకునే మేనేజరు జీతం ముందుగా ఆయన వంతు లాభంలోంచి పోతుంది. రోజువారీ నిర్ణయాల్లో ఆయనకు ఓటు ఉండదు. ఆఫీసు అమ్మకం, కొత్త అప్పు, కొత్త భాగస్వామి అనే మూడు విషయాలకు మాత్రం ఇద్దరి సంతకాలూ కావాలి. తిరిగి వచ్చాక ఆరు నెలల్లోగా పాత స్థానానికి రావడమో, ముందే రాసుకున్న సూత్రం ప్రకారం వాటా నాకు అమ్మడమో తేల్చుకోవాలి. ఇదే వెసులుబాటు నాకూ ఉండాలని, నెల్లూరులో ఉన్న అమ్మానాన్నల కోసం నేను ఎక్కువ కాలం వెళ్లవలసి వస్తే ఇవే షరతులు వర్తించాలని ఒక వాక్యం చేర్పించాను.

ఒప్పందం కంటే కాగితాల పని ఎక్కువ సమయం తిన్నది. పన్ను శాఖ దగ్గర మా సంస్థకు బాధ్యుడిగా ఆయన పేరు ఉంది. బాధ్యుడు మారితే 60 రోజుల్లోగా ఫారం 8822-బి పంపాలి. ఇ-ఫైలింగ్ అనుమతిలోనూ, బ్యాంకులోనూ ఆయన సంతకమే. వీటన్నిటికంటే కష్టమైనది ఫారం 2848. ఖాతాదారు తరఫున పన్ను శాఖతో మాట్లాడే అధికారం ఆ ఫారంలో పేరున్న మనిషికే తప్ప ఆఫీసుకు ఉండదు కాబట్టి, ఆయన పేరు ఒక్కటే ఉన్న ప్రతి కేసులోనూ ఖాతాదారు చేత కొత్తగా సంతకం చేయించాలి. ఆయన వార్డుకే, అంటే వాళ్ల సంఘంలో ఆయన వెళ్లే స్థానిక శాఖకే, చెందిన ఒక పెద్దావిడ సంతకానికి ససేమిరా అన్నారు. "మూడేళ్లలో వస్తాడు కదా, నా నోటీసు అప్పటిదాకా ఆగుతుందిలే" అని ఆవిడ ధీమా. ఇద్దరం ఆవిడ ఇంటికి వెళ్లాము. వంటగది బల్ల మీద ఆయన ఆ నోటీసు పరిచి, రోజురోజుకూ వడ్డీ పడుతున్న గడిని వేలితో చూపించి, పెన్ను నా చేతికి ఇచ్చి నా చేతే ఆవిడకు ఇప్పించారు. ఆవిడ సంతకం చేసి, కాఫీ, టీ ముట్టని ఇల్లు కాబట్టి వేడి చాక్లెట్ ఇచ్చి, వచ్చే ఏడు నన్ను ఒంటరిగానే రమ్మన్నారు.

ఆఫీసు సంగతి ఒక కొలిక్కి వచ్చాక ఊరి సంగతి మిగిలింది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా రిటర్నులు వేసిపెట్టే వీటా శిబిరాన్ని మా లైబ్రరీలో ఆయనే నడిపేవారు. అదే వసంతంలో అక్కడి వాలంటీర్లలో ఒక రిటైరైన జంట కూడా సీనియర్ మిషన్‌కు సిద్ధమయ్యారు. ఎవరు వెళ్లినా వాళ్లు జీతం లేకుండా చేసే నాలుగు పనులు మిగిలిన కొద్దిమంది మీద పడతాయి, ఇక్కడ పిలుపుల వల్ల వచ్చే అసలు ఇబ్బంది నా దృష్టిలో ఇదే. ఆ శిబిరాన్ని నేను నడపనని, నడిపేవాళ్లను వెతికి తయారుచేస్తానని మాత్రం ఒప్పుకున్నాను. మెక్సికో, పెరూల నుంచి మిషన్ ముగించుకుని వచ్చిన కుర్రవాళ్లు స్పానిష్ బాగా మాట్లాడతారు. వాళ్లను ఆయన పిలుచుకొచ్చారు. హెచ్-4 వీసా మీద ఉండి ఉద్యోగం చేసే వీలు లేని, మన ఊళ్లలో బీకాం, సీఏ ఇంటర్ చదివిన ఆడవాళ్లను నేను పిలుచుకొచ్చాను. ఏటా రాయవలసిన పరీక్ష మొదటిసారే పాసైనవాళ్లలో మనవాళ్లే ఎక్కువ.

మొదటి అక్టోబరు 15, అంటే గడువు పొడిగించిన రిటర్నుల చివరి తేదీ, గట్టిగానే ఊపిరి ఆడనివ్వలేదు. రెండో ఏటికి మేనేజరు కుదురుకున్నారు. మూడేళ్లు నిండి తిరిగొచ్చిన ఆయన దక్షిణ అమెరికాలో స్పానిష్ నేర్చుకుని వచ్చారు. పాత ఖాతాదారులను వెనక్కి అడగలేదు. వారానికి మూడు రోజులు వస్తానని, స్పానిష్ మాట్లాడే కొత్త ఖాతాదారులను, లైబ్రరీ శిబిరాన్ని చూసుకుంటానని ఆరు నెలల గడువులోపే చెప్పేశారు. లాభాల పంపకాన్ని ఆ మేరకు మళ్లీ సవరించుకున్నాము. నాన్నగారికి మోకాళ్ల ఆపరేషన్ ఉండటంతో ఈ ఏడు మే నుంచి నేను నెల్లూరులో ఉండబోతున్నాను. నా కేసుల ఫారం 2848లన్నిటిలో ఆయన పేరు ఇప్పటికే చేర్పించాను.