కర్నూలు నుంచి సినిమా పోస్టర్లు చేశాను, డబ్బులు ఇలా రాబట్టుకున్నాను

నిన్న సాయంత్రం బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఒక సినిమా ప్రమోషన్‌కు చేసిన పనికి హైదరాబాద్‌లోని ఒక డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ నాకివ్వాల్సిన డబ్బులు, నెలల తరబడి తిప్పించుకున్నాక, మొత్తానికి పడ్డాయి. మనవైపు ఇంట్లో కూర్చుని ఇదే పని చేసే పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం రాస్తున్నా.

పని దొరకడం కష్టం కాలేదు, ఇన్‌స్టాగ్రామ్‌లో నా పోస్టర్లు చూసి వాళ్ళే మెసేజ్ పెట్టారు. హీరో పుట్టినరోజు పోస్టర్, పాట ప్రోమోకు థంబ్‌నెయిల్, కౌంట్‌డౌన్ పోస్టర్లు అన్నీ ఇష్టంగా చేశా. ఒక్కో డిజైన్‌ను ఫీడ్‌కు 1080×1350, స్టోరీకి 1080×1920, యూట్యూబ్‌కు 1280×720 సైజుల్లో విడివిడిగా సర్దాలి. నిలువు పోస్టర్‌ను అడ్డానికి మారిస్తే టైటిల్ పోయి హీరో గడ్డం మీద కూర్చుంటుంది, మళ్ళీ మొదటికి. తెలుగు టైటిల్ విషయంలో మాత్రం ఆ టీమ్‌లో నన్ను మించినవాళ్ళు లేరని గట్టిగా చెప్తా. వాళ్ళ పోస్టర్లలో ఒత్తులు విడిపోయి పక్కన పడేవి. ఫోటోషాప్ టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకోవాలని చెప్పింది నేనే.

సినిమా రిలీజైంది. బిల్లు పంపా. అకౌంట్స్ ఆయన "జీఎస్టీ నంబర్ లేకుంటే బిల్లు పాస్ కాదు" అన్నాడు. సేవలు అందించేవాళ్ళకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, పక్క రాష్ట్రానికి పని చేసినా అంతే. అది రాసి పంపితే ఆ మాట మానేసి "ప్రొడ్యూసర్ దగ్గర్నుంచి రాలేదు" అనడం మొదలుపెట్టాడు. తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశాడు.

దాంతో తెల్లవారుజామున కర్నూలు బస్టాండులో బస్సెక్కి వాళ్ళ ఆఫీసుకే పోయినా. రిసెప్షన్‌లో కూర్చోమన్నారు. ఎదురుగా పెద్ద టీవీ. అందులో ఆ కంపెనీ చేసిన పనులు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతున్నాయి. వాటిలో నా పుట్టినరోజు పోస్టర్! హీరో భుజం మీద దుమ్ము రేణువులు ఒక్కొక్కటీ నేను బ్రష్‌తో వేసినవి. దాని కింద మూలన వాళ్ళ లోగో. మధ్యాహ్నం దాకా అది వస్తూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నా. మంచినీళ్ళు అడిగితే తప్ప ఇవ్వలేదు. లోపల్నుంచి వచ్చిన పెద్దాయన నన్ను చూసి "ఎవరు?" అని అడిగితే, రోజూ రాత్రి నాతో మాట్లాడిన కోఆర్డినేటరే "ఎవరో వెండర్ సార్, కర్నూలంట" అన్నాడు. నా పేరు కూడా చెప్పలేదు. ఆయన పోయినాక నా పక్కన కూర్చుని "తమ్ముడూ, ఇంత పెద్ద సినిమా నీ పోర్ట్‌ఫోలియోలో పడింది, అది చాలదా? సర్లే, ఓపెన్ ఫైళ్ళు ఇచ్చేయ్, నీ బిల్లు చూద్దాం" అన్నాడు. ఇవ్వలేదు. ఓపెన్ ఫైల్ అంటే లేయర్లు విడివిడిగా ఉండి మార్చుకోవడానికి వీలయ్యే ఫోటోషాప్ ఫైలు, పీఎస్‌డీ. అది చేతికిచ్చినాక మనతో వాళ్ళకేం పని? లేయర్లన్నీ వాళ్ళ దగ్గరే ఉంటే రెండో సినిమాకు పేరు మార్చి అదే వాడుకుంటారు. తిరుగు బస్సులో జడ్చర్ల దాకా కళ్ళు మండుతూనే ఉన్నాయి. పని చేయించుకున్నవాళ్ళు మనిషిని గుర్తుపట్టనట్టు నటించడం కన్నా నీచం ఇంకోటి ఉండదు.

మా అక్క లోన్ కోసమని అంతకుముందే నాతో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించింది. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు అది. ఆధార్, పాన్ ఉంటే చాలు, రూపాయి ఖర్చు లేదు. నెట్ సెంటర్లో డబ్బులు అడిగితే ఇవ్వొద్దు. పని మొదలుపెట్టకముందే చేసుకోండి, తర్వాత చేసుకుంటే పాత బిల్లులకు పనికిరాదని వాదిస్తారు. ఈ గుర్తింపు ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు మించకుండా డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. పైగా మనకు బాకీ పడిన డబ్బును, కట్టేదాకా, వాళ్ళు ఇన్‌కం ట్యాక్స్‌లో ఖర్చుగా చూపించుకోలేరు. అకౌంట్స్ వాళ్ళు భయపడేది దీనికే. ఇలాంటి బాకీల గొడవలు తేల్చే మన రాష్ట్ర కౌన్సిల్‌కే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, కొనుగోలుదారు ఏ రాష్ట్రంలో ఉన్నా ఫర్వాలేదు.

రేటు ఒప్పుకున్న మెయిల్, "అప్రూవ్డ్" అన్న వాట్సాప్ మెసేజ్‌లు, బిల్లు జతచేసి పెట్టినా. కాల్‌లో ఒప్పుకున్న పోస్టర్లకు మాత్రం రుజువు లేక కొంత వదులుకోవాల్సి వచ్చింది. అందుకే ఫోన్ పెట్టేసిన వెంటనే "మీరు చెప్పిన రేటు ఇదీ" అని ఒక మెసేజ్ కొట్టండి. కౌన్సిల్ నోటీసు వాళ్ళకు చేరినాక అదే కోఆర్డినేటర్ "అన్నా, మనలో మనకు ఇదంతా ఎందుకు" అని ఫోన్ చేశాడు. ఈసారి అన్నా అయినా నేను.

వడ్డీ వదిలేసి అసలు తీసుకున్నా. అందులోంచే 10 శాతం టీడీఎస్, అంటే నా పేరు మీద ముందే కట్టే పన్ను, పట్టుకున్నారు. అది ఇన్‌కం ట్యాక్స్ సైట్‌లో నా లెక్కలో ఇంకా కనపడలేదు. వాళ్ళు మూడు నెలల టీడీఎస్ రిటర్న్ వేసినాక చూసి, టీడీఎస్ సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకుంటా. అప్పటిదాకా ఫిర్యాదు కాగితాలు పారేయను.