గ్రంథి లేదా, ఉండీ పని చేయడం లేదా?

మా చెల్లెలి కూతురికి నాలుగు నెలలు. పుట్టిన మూడో రోజున మడమ నుంచి తీసిన రక్తంలో, థైరాయిడ్ గ్రంథి సరిగా పని చేయనప్పుడు పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోను చాలా ఎక్కువగా ఉన్నట్టు తేలడంతో, పదో రోజుకే మందు మొదలుపెట్టారు. చెల్లెలిది మేనరికం. అందువల్ల విశాఖపట్నంలోని మా ఇంట్లో బారసాల నాటికే నింద ఎవరిదన్న మాట వచ్చింది. "మా వైపు ఎవరికీ థైరాయిడ్ లేదు" అని ఇరువైపుల పెద్దలూ అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధించింది.

పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపానికి కారణం అందరిలో ఒకటే కాదు. ఎక్కువమంది శిశువుల్లో, పిండదశలో నాలుక మూలం దగ్గర మొదలై మెడలోకి దిగవలసిన గ్రంథి అసలు ఏర్పడదు, లేదా దారిలోనే ఆగిపోతుంది. పాక్స్8, ఫాక్స్‌ఈ1 వంటి జన్యువుల్లో మార్పులు వీరిలో కొద్దిమందికే కనిపిస్తాయి. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో సైతం సాధారణంగా ఒకరికే ఈ లోపం ఉంటుంది గనుక, దీన్ని వంశానికి అంటగట్టడం చాలావరకు అన్యాయం.

రెండో రకంలో గ్రంథి తన చోటనే ఉంటుంది, హార్మోను తయారీయే సాగదు. అయోడిన్‌ను థైరోగ్లోబులిన్ అనే ప్రోటీనుకు అతికించే టీపీఓ ఎంజైము గానీ, ఆ పనికి కావలసిన హైడ్రోజన్ పెరాక్సైడును అందించే డ్యూయాక్స్2 అనే మరో ఎంజైము గానీ లోపిస్తే ఇలా జరుగుతుంది. సాధారణంగా ఆ ఎంజైమును తయారుచేసే జన్యువుకు ఉన్న రెండు ప్రతుల్లో ఒకటి తల్లిదండ్రులిద్దరిలోనూ లోపంతో ఉంటుంది. రెండో ప్రతి బాగుండటం వల్ల వారు ఆరోగ్యంగానే ఉంటారు. బిడ్డకు రెండూ లోపపువే చేరితే జబ్బు బయటపడుతుంది. ఒకే తాత నుంచో అమ్మమ్మ నుంచో అదే లోపపు ప్రతి ఇద్దరికీ వచ్చే అవకాశం మేనరికంలో ఎక్కువ. మా పెద్దల మాట అబద్ధం కాదు, కానీ అది దేనికీ రుజువు కాదు.

పాప గ్రంథి తన చోటనే ఉందని, కాస్త పెద్దదిగా కూడా ఉందని స్కానింగులో తెలిసింది. గ్రంథిలో అయోడిన్‌ను చేరవేసే పెండ్రిన్ అనే ప్రోటీను జన్యువులో లోపమైతే వినికిడి కూడా దెబ్బతింటుంది కనుక చెవులకు పరీక్ష చేయించాము. అది బాగానే వచ్చింది. కారణం ఏదైనా మందు థైరాయిడ్ హార్మోను మాత్ర అయిన లెవోథైరాక్సినే, మొదట్లో రోజుకు కిలో బరువుకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు. మాత్రను నలిపి, తల్లిపాలలో కలిపి, చెంచాతో మా అమ్మ రోజూ పట్టిస్తోంది. ఐరన్ చుక్కలను మాత్రం కొన్ని గంటల ఎడం ఉంచి వేస్తున్నాము.

చెల్లెలికి మరో బిడ్డను కనాలని ఉంది. జన్యుపరీక్షలో రెండో రకమే అని నిర్ధారణ అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ లోపం వచ్చే అవకాశం 25 శాతం ఉంటుందని ఆమెకు, మా బావకు నేనే కూర్చోబెట్టి చెప్పాను. ఆ పరీక్ష కోసం ముగ్గురి రక్తమూ వచ్చే వారం పంపిస్తున్నారు.